కరుణ మాత్రలు చెరువులో పారేయలేదు

నలభై నిండకముందే రిటైరైపోయేవాళ్లలో క్రికెట్ ఆటగాళ్ల తర్వాత నేనే ఉంటాను. వాళ్లకు మోకాళ్లు పోతాయి, నాకూ అవే పోయాయి. కాకపోతే వాళ్లు పరుగెత్తి పోగొట్టుకున్నారు, నేను మంచం మీద కూర్చుని ప్రేమకథలు చెప్తూ పోగొట్టుకున్నాను. వీడ్కోలు సభ జరగలేదు. శాలువా కప్పలేదు. కప్పినా శామీర్‌పేట ఎండలకు దాంతో ఏం చేసుకుంటాను.

క్రైస్తవ మాసపత్రికకు ప్రేమా ఉత్కంఠా కలిపి సీరియల్ నవలలు రాయడం నా వృత్తి. ఇలాంటి వృత్తి ఒకటుందని మా చుట్టాలకే తెలియదు. జనాభా లెక్కలకు వచ్చినాయన ఏం పని చేస్తారని అడిగితే వివరంగానే చెప్పాను. ఆయన నా మొహం కాసేపు చూసి "ఇంటి పని" అని రాసుకుని పక్కింటికి పోయాడు.

ఈమధ్య మా సంఘంలోని అమ్మాయిలు కొందరు "అక్కా, మేం గూడ రాస్తం, ఎట్ల రాయాలె?" అని అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఇది. ఎన్ని నవలలు రాశాను, ఏ బహుమతులొచ్చాయి అన్నవి వదిలేస్తున్నాను. బహుమతులన్నీ గోడ గడియారాలే. ఒక్కటీ సరైన టైము చూపించదు.

చేయి పట్టుకోకూడదు

మా పత్రిక మేడ్చల్‌లో స్టేషను దారిలో ఒక చిన్న ప్రెస్సులో అచ్చయ్యేది. సంపాదకులు జ్ఞానానందం గారిది కోస్తా. బ్యాంకు ఉద్యోగం మీద ఇటు వచ్చి, అంతకుముందు ద్రాక్షతోట ఉన్న చోట ఇల్లు కట్టుకున్నారు. పత్రిక ఆయన సొంత కష్టం. మంచి మనిషి. చెడ్డవాడైతే ఇది రాయడం నాకు తేలికయ్యేది.

ఆయన నియమాలు కొన్ని ఉండేవి. పెళ్లయ్యేదాకా హీరో హీరోయిన్ని ముట్టుకోకూడదు. విలన్ చావచ్చు గానీ, మారుమనస్సు పొందితే మరీ మంచిది. ప్రతి సంచికా భయపెట్టే చోట ఆగాలి, కానీ రాత్రి పిల్లలు నిద్రపోవాలి. విలన్ కత్తి తీశాక హీరోయిన్ కనీసం ఒక పేరా ప్రార్థన చేయాలి. ఆ పేరా అయిపోయేదాకా వాడు కత్తి పట్టుకుని నిలబడి ఉంటాడు. అంత మర్యాదస్తులైన హంతకులు మేడ్చల్ తాలూకాలో తప్ప ఎక్కడా దొరకరు.

నా వేళ్లు మడత పడవు కాబట్టి నేను చెప్తుంటే మా వదిన రాసేది. వదిన లాల్‌గడి మలక్‌పేట పిల్ల. చేతిరాత ముత్యాల్లా ఉండేది, నోరు మాత్రం ఊరుకునేది కాదు. తొంభైల మొదట్లో, నా తొలి సీరియల్ రాస్తున్నప్పుడు, హీరోయిన్ని తోటలోని బావిలో పడేశాను. బ్యాంకు ఆఫీసరైన హీరో పరుగెత్తుకొచ్చి చేయి అందించాడు. జ్ఞానానందం గారు ఆ వాక్యం కొట్టేసి వెనక్కి పంపారు.

"ఏందంట?" అంది వదిన.

"చేయి పట్టుకోవద్దంట. పెండ్లి కాలేదు గద."

"ఆమె బాయిల పడ్డది పిల్లా. చేయి పట్టకుంట ఎట్ల తీస్తడు? పెండ్లి జేసుకోని వచ్చి తీస్తడా?"

"తాడేస్తడు."

"తాడు యాడికెళ్లి వచ్చింది?"

"వాని సంచిల ఉంటది."

"బ్యాంకు ఆఫీసరు సంచిల తాడెందుకుంటది?"

"రాయి వదినా."

రాసింది. అప్పటినుంచి నా హీరోలందరూ ఎందుకైనా మంచిదని తాడు దగ్గర పెట్టుకుని తిరిగారు. కొత్త హీరో రాగానే వదిన మొదట అడిగే ప్రశ్న, "వీనికి తాడుందా?"

మా దగ్గర్లోని జవహర్‌నగర్‌లో నగరం చెత్తంతా పోయడం మొదలయ్యాక ఇంకో ఇబ్బంది వచ్చింది. "సాయంత్రం చల్లగా గాలి వీచింది, వాళ్లిద్దరూ గుండెల నిండా పీల్చుకున్నారు" అని చెప్తే వదిన పెన్ను ఆపి, "ఏ దిక్కుకెళ్లి?" అనేది. ప్రేమ సన్నివేశం రాసేముందు గాలివాటం చూసుకోవాల్సిన రచయిత్రిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నా చేతుల పనివేళలు

నాది కీళ్లవాతం. ముసలితనంలో వచ్చేది కాదు, ఇరవైల్లోనే వచ్చి కూర్చునే రకం. మన ఒంట్లోని కాపలావాళ్లే మన కీళ్లను దొంగలనుకుని కొట్టడం ఈ జబ్బని డాక్టరు చెప్పారు. సస్పెన్స్ నవలకు అంత మంచి కథ నాకెప్పుడూ తట్టలేదు.

నా చేతులు సర్కారు ఆఫీసు లెక్క పొద్దెక్కాక తెరుచుకునేవి, భోజనాల వేళకు మూసుకునేవి. స్టెరాయిడ్లు వాడిన రోజుల్లో మొహం గుండ్రంగా ఉబ్బింది. ఆరోగ్యం వచ్చిందని చర్చిలో అందరూ మెచ్చుకున్నారు.

కొత్తగా రాసేవాళ్లకు ఒక మాట. బాధలోనుంచే గొప్ప రచన పుడుతుందని సభల్లో చెప్తుంటారు. అలా చెప్పేవాళ్లు మెట్లెక్కి వేదిక మీదికి రాగలిగినవాళ్లని గమనించండి. బాధలోనుంచి నాకు పుట్టింది వాపు. నొప్పి ఎక్కువున్న రోజు హీరో జోలికి పోకండి, వాడు అనవసరంగా చస్తాడు. ఆ రోజు విలన్ని రాసుకోండి. బాగా కుదురుతాడు.

ఇంకొకటి. మీకు జబ్బుందని తెలిస్తే పాఠకులు మీ నవల కంటే మీ జబ్బు ముగింపు కోసం ఎక్కువ ఎదురుచూస్తారు. "ఇంక తగ్గలేదామ్మా?" అంటారు. ఆ గొంతులో జాలి ఉంటుంది, కాస్త అనుమానమూ ఉంటుంది. సరిగ్గా ప్రార్థన చేయడం లేదేమోనని. నాకు దేవుడితో ఏ పేచీ లేదు. నా పేచీ ఆయన తరపున ప్రూఫులు దిద్దేవాళ్లతోనే.

కీసర నుంచి వచ్చినవాళ్లు

రెండువేల సంవత్సరం దాటాక కరుణ కథ మొదలుపెట్టాను. కరుణ మేడ్చల్‌లో ఒక ఎస్టీడీ బూతులో పని చేస్తుంది. అప్పట్లో మా దగ్గర తోటలు పీకి ప్లాట్లు చేస్తున్నారు. ఒక ముసలి రైతును చంపి భూమి లాక్కోవాలని బూతులో ఎవడో ఫోన్లో మాట్లాడుతుంటే వింటుంది. ఆమెను కాపాడేవాడు ఒక సర్వేయరు. (తాడుంది.) అంతా మామూలే. ఒక్కటే కొత్త: కరుణకు నా జబ్బు పెట్టాను. వారానికోసారి, మంగళవారం నాడు, నాలాగే మాత్ర వేసుకుంటుంది. హంతకుడు వెంటాడుతున్నా సరే, మంగళవారం వస్తే ఎక్కడో ఒకచోట మంచినీళ్లు అడిగి మాత్ర మింగుతుంది, ప్రార్థన చేసుకుంటుంది, మళ్లీ పరుగు. పరుగంటే మా జబ్బులో నడకే.

ఒక ఆదివారం మధ్యాహ్నం లూనా బండి మీద ఒక తండ్రీ కూతురూ వచ్చారు. ఆయన కీసరలో టైలరు. పేరు యేసోబు. కూతురికి పదిహేను పదహారేళ్లుంటాయి. పేరు రూతు.

"వందనాలమ్మా. కరుణను రాసేటోళ్లు మీరేనా?"

"నేనే అన్నా. కూసోండి."

"మా బిడ్డకు గూడ గదే బీమారి. డాక్టరు గోళీలు రాసిండు. మస్తు గరం గోళీలంట, ఏండ్లకేండ్లు మింగాలెనంట. నేను వద్దన్న. ప్రార్థన జేపిస్తే సాలన్న. ఇగ మీ కథ సదివిన. కరుణ ప్రార్థన జేస్తది, గోళీ గూడ మింగుతది. రెండు జేస్తె దేవునికి కోపం రాదా అని మా చర్చి అయ్యగారిని అడిగిన. పత్రికలనే వచ్చింది గద, తప్పు లేదన్నడు. గందుకే ఏపిస్తున్న. జర తేలికైంది."

వదిన చాయ్ తెచ్చింది. తాగి ఆయన లూనా నీడకు పెట్టడానికి బయటికి పోయాడు. అప్పటిదాకా తల ఎత్తని పిల్ల గబుక్కున ముందుకు జరిగింది.

"అక్కా, కరుణను ఏమన్న జెయ్యి. సంపాలంటే సంపు. గోళీలు మాత్రం బంద్ చేపియ్యకు. గామె బంద్ జేస్తె నాయి బంద్ అయితయ్."

"సంపను లే. సస్తే పత్రికోళ్లు వేసుకోరు."

పిల్ల నవ్వలేదు. నా పుస్తకాలు అవసరమైనవాళ్లను అంతకుముందు నేను చూడలేదు. కాలక్షేపానికి చదివేవాళ్లే తెలుసు. ఈ పిల్ల మోకాళ్లు నా ఆఖరి అధ్యాయం మీద ఆధారపడి ఉన్నాయి. భయమేసింది. హంతకులకు నేనెప్పుడూ అంత భయపడలేదు.

చూద్దాం

ఆఖరి అధ్యాయం శ్రద్ధగా రాశాం. హంతకుడు పట్టుబడ్డాడు. చర్చిలో పెళ్లయింది. ఆ రోజు మంగళవారం. విందులో కరుణ మంచినీళ్లు అడుగుతుంది, సర్వేయరు గ్లాసు అందిస్తాడు, మాత్ర వేసుకుంటుంది. పెళ్లయింది కాబట్టి గ్లాసు అందించేటప్పుడు వేళ్లు తగిలించాను. అంతే.

జ్ఞానానందం గారు ప్రెస్సుకు రమ్మని కబురు పెట్టారు.

"ముగింపు చప్పగా ఉందమ్మా."

"హంతకుడు దొరికాడు, పెళ్లయింది. ఇంకేం కావాలి సార్?"

"స్వస్థత ఏదీ? అన్ని నెలలు ప్రార్థన చేసిన పిల్ల, చివరికి మళ్లీ మాత్రే మింగుతోంది. మరి దేవుడు చేసిందేమిటి?"

"మాత్ర ఇచ్చింది ఆయనే కదండీ."

"దాని మీద విడిగా వ్యాసం వేసుకుందాం. కథలో కుదరదు."

కీసర పిల్ల సంగతి చెప్పాను. ఆయన నిజంగానే కదిలిపోయారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఆ పిల్ల కోసమే చెప్తున్నానమ్మా. ఆ పిల్లకి ఆశ వద్దా?"

"ఆశ ఉంది సార్. వారానికోసారి మింగుతోంది."

ఆయన కాగితాలు సర్ది "సరే, చూద్దాం" అన్నారు.

అమ్మాయిలూ, ఈ మాట గుర్తుపెట్టుకోండి. మా పత్రికల్లో రచయితకు ప్రూఫులు చూపించే అలవాటు లేదు. చూద్దాం అంటే ఆయన చూస్తారని. మనం చూడబోమని.

మా ఇంటికి సంచిక అందరికంటే మూడు వారాలు ఆలస్యంగా వచ్చింది. వదిన పైకి చదివింది. పెళ్లయిన మర్నాడు కరుణ శామీర్‌పేట చెరువు కట్ట మీద నిలబడి ఒక పేజీ ప్రార్థన చేసింది. ఒళ్లంతా వెచ్చగా అయ్యింది. మాత్రల డబ్బా నీళ్లలోకి విసిరేసింది. చెప్పులు వదిలేసి కట్ట పొడుగునా పరుగెత్తింది.

"ఉరికిందంట" అంది వదిన.

"మనం గిది రాయలే వదినా."

"నేను రాసింది నాకెరుక లేదా. రాయలే." మళ్లీ ఆ పేజీ చూసింది. "చెరువుల పారేసిందంట. చేపలకు మోకాళ్ల నొప్పులు తగ్గుతయ్ ఇగ."

ఆమె వేసిన జోకుల్లో మేమిద్దరం నవ్వనిది అదొక్కటే. ఫోన్ చేస్తే జ్ఞానానందం గారు సంతోషంగా ఉన్నారు. పాఠకులు ఏడుస్తున్నారట, ఆనందంతో.

పేరు మీదే ఉన్నది గద

మర్నాడు రెండు బస్సులు మారి కీసర పోయాను. నేను బస్సు దిగడం ఒక సీరియల్ అంత పొడుగు ఉంటుంది. కండక్టరు ప్రతి మెట్టుకూ "జల్దీ అమ్మా" అన్నాడు.

అప్పటికే ఆలస్యమైంది. యేసోబు కుట్టు మిషను మీద పత్రిక తెరిచి ఉంది. మాత్రలు ఇంటి ముందు మురికి మోరీలో పోశాడట. చెరువు దూరం.

"అన్నా, ఆఖర్ల ఉన్నది నేను రాయలే. పత్రికోళ్లు మార్చిండ్రు."

"ఎవరు మారుస్తరమ్మా? పేరు మీదే ఉన్నది గద. ఫోటో గూడ ఉన్నది."

సంచిలోంచి నా మాత్రలు తీసి చూపించాను. "ఇగో, నేను ఇప్పటికీ మింగుతున్న. బంద్ జేస్తె నేను మంచం దిగలేను."

ఆయన నా వేళ్లు చూశాడు, మాత్రలు చూశాడు. ఆయన మొహంలో కోపం లేదు. చాలా మెత్తగా అన్నాడు: "ఏమనుకోకండమ్మా. రాసుడు వేరు, నమ్ముడు వేరు. మీ విశ్వాసం కరుణంత లేదు."

నా పుస్తకాల మీద వచ్చిన విమర్శలన్నీ కలిపినా అంత సూటిగా లేవు. నేను సృష్టించిన మనిషి నా కంటే నమ్మకస్తురాలైపోయింది. ఆమెతో నేనెలా వాదించను.

రూతు చాయ్ తెచ్చింది. గ్లాసును వేళ్లతో కాదు, రెండు అరచేతుల మధ్య ఒత్తిపట్టుకుని తెచ్చింది. అలా పట్టుకోవడం నాకు తెలుసు. ఇంకొన్నాళ్లకు అరచేతులూ పట్టవు.

అన్నేళ్లుగా నెలనెలా మెలికలు అల్లిన బుర్ర ఒక్కసారైనా పనికి రావాలి కదా.

"మంచిదన్నా. గోళీల మాట ఇడిసిపెట్టు. సికింద్రాబాద్‌ల నెలకోసారి ఉపవాస ప్రార్థన ఉంటది. పొద్దుగాల్లనే పోవాలె, పచ్చి మంచినీళ్లు గూడ ముట్టొద్దు. నేను పోతున్న. బిడ్డను నాతోని తోలియ్యి."

ఆయన మొహం వెలిగింది. "గదీ మాట. ఉపవాసం ఉంటవా బిడ్డా?"

"ఉంట నాయినా" అంది రూతు. ఆ పిల్లకు విషయం వెంటనే అర్థమైంది. గొప్ప పాఠకురాలు.

ఉపవాస ప్రార్థన

ఉపవాసం అబద్ధం కాదు. రక్తపరీక్షకు పరగడుపున రమ్మనేవాళ్లు. ప్రార్థన కూడా అబద్ధం కాదు. ఆ పెద్దాసుపత్రి ఓపీ వరుస ఎంత పొడుగ్గా ఉండేదంటే, అందులో నిలబడ్డవాడికి ప్రార్థన దానంతటదే వస్తుంది.

మొదటిసారి డాక్టరమ్మ రూతును కేకలేసింది. "మందులు ఎందుకు మానేశావ్?"

"నవల సదివి మా నాయిన బంద్ జేసిండు మేడం."

"ఏ పనికిమాలినోళ్లు రాశారు ఆ నవల?"

"గీ అక్కనే" అంది రూతు, నా వైపు చూపించి.

డాక్టరమ్మ పెన్ను ఆపి నన్నూ, నా వేళ్లనూ, నా చీటీనీ ఒకదాని తర్వాత ఒకటి చూసింది. నా చీటీలోనూ అదే మందు. "మీ కీళ్లకైతే మందుంది" అని మాత్రం అని తర్వాతివాళ్లను పిలిచింది.

మాత్రలు ఇంట్లో సీకాయ డబ్బాలో దాచమని వదిన సలహా. ఏ మగవాడూ చేయి పెట్టని చోటు ఇంట్లో అదొక్కటేనట. రూతు అలాగే చేసింది. నేను కట్టిన కథల్లో ఎవరూ కొట్టేయని, ఎవరూ మార్చని కథ ఇదొక్కటే. పాత్రలు తక్కువ, సస్పెన్స్ నిజం, తాడు అక్కర్లేదు.

పిల్ల మెల్లగా తేరుకుంది. ముందు వేళ్లు. తర్వాత మోకాళ్లు. ఏడాది తిరిగేసరికి తండ్రి మిషను పక్కన కూర్చుని గుండీలు కుట్టడం మొదలుపెట్టింది.

సాక్ష్యం

మా పత్రిక ఏటా మేడ్చల్‌లో పాఠకుల కూడిక పెట్టేది. షామియానా, మైకు, పులిహోర. ఆ ఏడు సాక్ష్యం చెప్పడానికి యేసోబు లేచాడు. రూతును చేయి పట్టుకుని వేదిక ఎక్కించాడు. పిల్ల మెట్లు ఒక్కొక్కటిగా, చక్కగా ఎక్కింది.

"నా బిడ్డ గోళీలు మోరీల పారేసిన. పత్రికల కరుణ ఎట్ల పారేసిందో గట్లనే. ఇయ్యాల మీ ముంగట నడుస్తాంది. జూడండ్రి. ఉపవాస ప్రార్థనకు తోల్కపోయిన మా రచయిత్రి అక్కకు గూడ వందనాలు."

షామియానా అంతా చప్పట్లు. ఆయన ఏడుస్తున్నాడు. అది దొంగ ఏడుపు కాదు. రూతు మైకు పక్కన నిలబడి నన్ను చూసింది. తల ఊపనూ లేదు, తండ్రిని ఆపనూ లేదు. చూసింది అంతే.

లేచి చెప్పేయాలనిపించింది. చెప్తే ఆ పూట సీకాయ డబ్బా మోరీలోకి పోతుంది. చెప్పకపోతే ఇక్కడ కూర్చున్నవాళ్లు ఇళ్లకు పోయి ఏ డబ్బాలు తీస్తారో తెలియదు.

పక్కనుంచి వదిన గొణిగింది. "లెవ్వకు పిల్లా."

"లెవ్వాలన్నా లెవ్వస్తలేదు గద వదినా."

అదీ నిజమే. ఎండలో కూర్చుని కూర్చుని మోకాళ్లు బిగుసుకుపోయాయి. నేను లేచి నిలబడ్డానికి పట్టే టైములో వాళ్లు పాట అందుకున్నారు.

తర్వాత జ్ఞానానందం గారు నా కుర్చీ దగ్గరికి వచ్చి, వంగి, ఎంతో ఆప్యాయంగా అన్నారు. "చూశావామ్మా? ముగింపు ఎందుకు మార్చానో ఇప్పటికైనా అర్థమైందా? నువ్వైతే ఆ పిల్ల చేత జీవితాంతం మాత్రలు మింగించేదానివి."

నా దగ్గర జవాబు ఉంది. అది చెప్పుకునే వీలు లేకుండా నేనే కథ కట్టుకున్నాను. ఆయన మార్చిన అబద్ధాన్ని నెలనెలా బస్సెక్కి పోయి నిజం చేసింది నేనే.

కరుణ రెండో భాగం కావాలన్నారు. ఒళ్లు సహకరించడం లేదు, కూర్చుని కథ చెప్పలేను సార్ అన్నాను. నా జబ్బు నాకు చేసిన సాయం అదొక్కటే. ఆ తర్వాత రాయలేదు. యేసోబు సాక్ష్యం ఫోటోతో సహా అచ్చయ్యింది. అది చదివి ఎవరెవరు మందులు మానేశారో నాకు తెలియదు. కీసర ఒక్కటే నా బస్సుకు అందింది.

అమ్మాయిలూ, రాస్తామంటే రాయండి. మీ రాత ముగించేవాళ్లు వేరే ఉంటారు, వాళ్లు మంచివాళ్లే అయ్యుంటారు. మంచివాళ్లతో పోట్లాడటం కష్టం. విలన్లయితే కనీసం మనం ప్రార్థన చేసేదాకా ఆగుతారు.

యేసోబు పోయినేడు పోయాడు. నమ్మకంతోనే పోయాడు. కూతురి కొట్లో ఇప్పుడు మాత్రల పట్టీ మిషను మీదే, కత్తెర పక్కన, అందరికీ కనిపించేలా ఉంటుంది. ఇదంతా రాసుకోమని చెప్పింది ఆ పిల్లే. "నాయిన లేడు గద అక్కా. ఇగ ఎవరికి తెల్వకుంట దాసిపెట్టాలె?" అంది.

ఓపీ వరుసలో మాత్రం ఇద్దరం ఇప్పటికీ కలిసే నిలబడతాం. నిన్న ఫోన్ చేసింది.

"అక్కా, గీ నెల ప్రార్థన ఎప్పుడు?"

"మంగళవారం. ఏం తినకుంట రా."